ఆర్నెల్ల సగటు

ఒక్క నెల బాగా అమ్ముడుపోగానే ఎగిరి గంతేసే మనిషి కాదండి ఎలీషా. ఆ సంగతి ముందే చెప్పెయ్యాలి, లేకపోతే మీరతన్ని ఉత్త తిక్కవాడనుకుంటారు. దీపావళి ముందు అందరి ఫొటోలూ అమ్ముడుపోతాయి, వేసవిలో అందరివీ పడుకుంటాయి. అందుకని అతను ఆర్నెల్ల సగటు చూస్తాడు. రాజోలు సెంటర్లో బట్టలకొట్టు మేడమీద, బోర్డు వెలిసిపోయిన స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ గురువారం పొద్దున్న అతను చేసిన పని అదే. పోయిన నెల అంకె వేసేడు, ఆర్నెల్లవీ కలిపేడు, భాగించేడు. ఎక్కడైనా తప్పేనేమోనని మళ్ళీ మొదట్నించీ చేసేడు. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలి, "ఓరి నాయనో" అన్నాడు.

తెర మీద రెండు గీతలున్నాయి. ఆకుపచ్చ గీత అతని ఫొటోల సంపాదన. ఎర్రగీత అతని భార్య శారోన్‌కి కువైట్లో ఇంటిపనికి ఇచ్చే జీతం. ఆవిడ మొదటిసారి విమానమెక్కిన వారంలోనే గీసేడు ఆ ఎర్రగీత. ఇది దాటిన రోజున నిన్ను వచ్చెయ్యమంటాను, మళ్ళీ పంపను అని ఫోన్లో మాటిచ్చేడు. అప్పట్నించీ ఆకుపచ్చది కింద కిందే పాక్కుంటూ వస్తోంది. ఇవాళ దాటింది. గీత మందమంతే దాటింది గానీ, దాటింది.

ఏం ఫొటోలంటారా? పెళ్ళి ఫొటోలు కావండి. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చేక అవి ఎలాగూ సగమైపోయేయి. ఇవి వేరు. ఎలీషా లంకలంట, చేలంట తిరిగి ఫొటోలు తీసి ఓ విదేశీ సైటులో పెడతాడు. ప్రకటన వేసుకునే బ్యాంకువాళ్ళో, వ్యాసం పక్కన బొమ్మ కావలసిన పత్రికవాళ్ళో అక్కడ వెతుక్కుని కొనుక్కుంటారు. కొన్న ప్రతిసారీ అతనికి చిల్లర పడుతుంది. చిల్లరే. కాకపోతే అదే ఫొటో ఇవాళ జపాన్లో ఒకడు కొంటాడు, రేపు ఢిల్లీలో ఇంకొకడు కొంటాడు. అదీ అందులో ఉన్న ఆశ.

ఏది ఎందుకమ్ముడవుతుందో అతనికి తెలిసిపోయింది. కొబ్బరిచెట్లు దండగ. లోకంలో కొబ్బరిచెట్టున్న ప్రతివాడూ ఓ ఫొటో తీసి పెట్టేడు. దిండిలో పడవ ఇళ్ళు ఫర్వాలేదు, శీతాకాలం కాస్త కదుల్తాయి. వరిచేలో కొంగలు అస్సలు కదలవు. మనుషులైతే కొంటారు. మనిషి ఓ పక్కకుండి రెండో పక్క ఖాళీ ఉంటే ఇంకా కొంటారు, ఆ ఖాళీలో వాళ్ళ మాటలు అచ్చేసుకోడానికి. ఎలీషా ఫొటోల్లో అలాంటిది ఒకటుంది. సఖినేటిపల్లి రేవులో, మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు దిగే చోట, నీలం చీర కట్టుకున్న ఒకావిడ ఇనపకమ్మీ మీద మోచెయ్యి ఆన్చి గోదారికేసి చూస్తూంటుంది. పంటు దూరంగా నరసాపురం ఒడ్డుకి చేరుతూంటుంది. మిగతాదంతా నీళ్ళే. ఆవిడ ఎవరో కాదు, శారోనే. మొదటిసారి కువైట్ వెళ్ళే ముందు తీసేడు.

ఇంతలో అతనికో బుద్ధి పుట్టింది. సరే, ఆ రేవు ఫొటో లేదనుకుందాం, అప్పుడు సగటెంత? తీసేసి చూసేడు. ఆకుపచ్చ గీత దబ్బున సగానికి పడిపోయింది. గబగబా దాన్ని మళ్ళీ కలిపేసి, గీత పైకొచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

అలాంటివి ఇంకో నాలుగు తీసి పెడితే ఇక భయం లేదనుకున్నాడు. శారోన్ ఎలాగూ సెలవుకొచ్చి ఇంట్లోనే ఉంది. వచ్చే బుధవారానికి ఆవిడ తిరుగు టిక్కెట్టుంది. ఆ టిక్కెట్టు చింపి గోదాట్లో పారెయ్యాలి, అంతే. షట్టరు దించేసి, కాజాల పొట్లం కట్టించుకుని, ఇంటికని మలికిపురం రోడ్డెక్కేడు. దారిలో ఎదురైన ప్రతివాడికీ ఏదో ఒకటి చెప్పాలనిపించింది గానీ, ఆకుపచ్చ గీత సంగతి ఎవడికి చెప్తే అర్థమవుతుంది?

*

శారోన్ వంటింటి అరుగు మీద కూర్చుని పనసకాయ కొడుతోంది. చేతులకి, కత్తికి నూనె రాసుకుంది, జిగురంటకుండా. టకటకా టకటకా సన్నగా కొట్టి, పొట్టు పళ్ళెంలోకి లాగుతోంది. ఎలీషా తల్లి కాంతమ్మ గుమ్మంలో కూర్చుని, ఇంకా సన్నగా కొట్టాలని చెప్తోంది.

"శారోనూ, దాటిందే!" అంటూ వచ్చేడు ఎలీషా.

"ఏం దాటిందండీ?"

"గీతే! ఎర్రగీత! ఆర్నెల్ల సగటు నీ జీతాన్ని దాటేసింది. ఇంక నువ్వు వెళ్ళక్కర్లేదు."

కత్తి ఆగింది. శారోన్ అతన్ని చూసింది, పొట్లాన్ని చూసింది, మళ్ళీ అతన్ని చూసింది. "నిజంగానాండీ?" అంది. ఆ 'నిజంగానా' ఎలా అందో ఎలీషా వింటే బావుండును. వినలేదు. సంతోషం పట్టలేక నోట మాట రావట్లేదనుకున్నాడు.

"స్తోత్రం తండ్రీ!" అని చేతులెత్తేసింది కాంతమ్మ. "ఇన్నాళ్ళకి నా మొర విన్నావు. నా కోడలు ఇంక నా గుమ్మంలోనే ఉంటది. ఒరేయ్, ఆదివారం కృతజ్ఞత కూడిక పెట్టించెయ్. చర్చిలో అయ్యగారికి నేను చెప్తాను. కోడి పలావు చేయించాలి, ఆయ్, మాటొద్దు."

"అప్పుడే కూడికెందుకులెండి అత్తయ్యగారూ," అంది శారోన్.

"ఎందుకేంటే? దేవుడు మేలు చేసినప్పుడు నోరు మూసుకుని కూర్చుంటావా? చాల్లే. నువ్వా పొట్టు సన్నగా కొట్టు."

అన్నాల దగ్గర ఎలీషా ఫోన్లో గీతలు చూపించి అంతా వివరించేడు. ఏ నెల ఎన్ని పోయేయి, మనుషుల ఫొటోలు వందకి ఎన్ని కదుల్తాయి, చెట్లు ఎన్ని కదుల్తాయి. శారోన్ శ్రద్ధగా వింది. ఆవిడకి లెక్కలు బాగా వచ్చు, కాపురానికి రాకముందు ఇంటరు పిల్లలకి ట్యూషన్లు చెప్పిన మనిషి.

"ఆ రేవు ఫొటో తీసేస్తే ఎంతండీ?" అని అడిగింది.

ఎలీషా ముద్ద మింగేడు. "సగానికి పడిపోద్ది."

"అదన్నమాట! అక్కడా నేనే సంపాదించేను, ఇక్కడా నేనే సంపాదించేను." నవ్వుతూనే అంది. అతనూ నవ్వేడు. ఈ మాటకి నవ్వి ఊరుకున్నాడు చూడండి, ఆ తెలివికి ఏం చెయ్యాలి? ఏ మొగుడైనా అక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలా లేదా?

చెయ్యి కడుక్కుంటుంటే శారోన్ వెనకాలే వచ్చి తువ్వాలందించింది. "ఏవండీ, మీతో ఓ మాట చెప్పాలి."

"చెప్పుదువుగాని. ముందా నీలం చీర ఎక్కడుందో వెతుకు. ఎల్లుండి రేవుకెళ్దాం. మళ్ళీ అలాంటివే తియ్యాలి. ఇంక నువ్విక్కడ ఉండిపోవాలంటే అవి ఉండాలి కదా, మరి!"

*

శనివారం తెల్లారేసరికి రేవులో ఉన్నారిద్దరూ. నీలం చీరైతే దొరికింది గానీ జాకెట్టు పట్టలేదు. వెనకాల పిన్నీసులు పెట్టి, పైన కొంగు కప్పేడు ఎలీషా. కువైట్లో శారోన్ జుట్టు కూడా కాస్త కత్తిరించుకుంది. అది కనబడకుండా ముడి వేయించేడు. వస్తూ వస్తూ ఆవిడ నల్లకళ్ళజోడు పెట్టుకుంటే తీయించేసేడు. "ఆవిడ కళ్ళజోడు పెట్టుకోదు," అన్నాడు.

"ఎవరండీ ఆవిడ?"

"ఫొటోలో ఆవిడే."

శారోన్ కళ్ళజోడు సంచిలో పెట్టేసింది.

ఎలీషా పనిలో పడితే ముచ్చటగానే ఉంటుందండి. బురద అనడు, ముళ్ళు అనడు. మోకాళ్ళ మీద కూర్చుని, చూపుడువేళ్ళతో చట్రం కట్టి చూసి, ఆవిణ్ణి ఇటు ఒక జానెడు, అటు ఒక జానెడు జరిపేడు. కమ్మీ మీద మోచెయ్యి ఎక్కడుండాలో చేత్తో పట్టుకుని పెట్టేడు. ఫోన్లో పాత ఫొటో తీసి, గడ్డం వంపు సరిపోయిందో లేదో దానితో పోల్చి చూసుకున్నాడు. ఆ చెయ్యి తగిలినప్పుడల్లా శారోన్‌కి ఒళ్ళు ఝల్లుమంటోంది. ఇన్నాళ్ళుగా అక్కడ మంచమ్మీద పడుకుని తలుచుకున్న చెయ్యే అది. ఆవిడ ఆ చేతి మీద తన చెయ్యి వేసింది.

"కదలకు, కదలకు," అన్నాడు ఎలీషా. "వెలుతురు పోద్ది."

ఆవిడ చెయ్యి తీసేసింది.

"ఇప్పుడు ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు చూడు."

"ఎవరికోసమండీ?"

"నాకోసమనుకో. నేనెక్కడో దూరంగా ఉన్నాననుకో."

"ఎదురుగా ఉన్నారుగా!" అని ఫక్కున నవ్వింది శారోన్. ఆ నవ్వు ఫొటోలో పడింది. అతను చూసి, పెదవి విరిచి, చెరిపేసేడు. నవ్వు మొహాలు వందకి ఒకటైనా అమ్ముడుపోదు. అందునా పళ్ళు కనబడితే పళ్ళపొడి వాళ్ళు తప్ప ఎవరూ తీసుకోరు.

పంటు టిక్కెట్లిచ్చే వీరవెంకటరమణ బీడీ పడేసి దగ్గరికొచ్చేడు. "ఏవమ్మా శారోనమ్మా, కువైట్ నుంచి ఎప్పుడొచ్చేవమ్మా? దొరసానిలా అయిపోయేవే!"

"పది రోజులైందండి బాబాయిగారూ. పిన్నిగారికి నడుంనొప్పి తగ్గిందాండీ?"

"ఎక్కడ తగ్గుద్దమ్మా! ఇంటికొచ్చి ఓ పూట కూర్చోవచ్చు కదా, నీ నోటెమ్మట నాలుగు కబుర్లు వింటే తగ్గుద్దేమో." అని ఎలీషాకేసి తిరిగేడు. "ఏవయ్యా, అంతందంగా నవ్వే మనిషిని పట్టుకుని ఆ ఏడుపు మొహం పెట్టించడం దేనికయ్యా? చావు కబురొచ్చినట్టు."

"అదే అమ్ముడవుద్ది బాబాయ్."

"ఏడుపూ అమ్ముకుంటున్నారన్నమాట," అని వీరవెంకటరమణ నవ్వుకుంటూ పోయేడు, పంటు మోటారు మొదలైతే.

"వాళ్ళకి నా ఫొటో ఎలా దొరుకుద్దండీ, అన్ని కోట్ల ఫొటోల్లో?" అని అడిగింది శారోన్, అతను లెన్సు తుడుచుకుంటూంటే.

"మాటలు రాసి పెడతాం కదా ఫొటో కింద. ఆ మాటలు కొడితే వస్తుంది."

"నా కిందేం మాటలు రాసేరు?"

ఎలీషా ఫోన్ చూసి చదివేడు, కాస్త గర్వంగానే. ఆ మాటలు కుదర్చడానికి అతను నెలల తరబడి మార్చి మార్చి చూసేడు మరి. "ఒంటరి స్త్రీ. ఎదురుచూపు. విచారం. భర్త కోసం. విరహం. దిగులు. నది. పల్లెటూరు. 'భర్త కోసం' అని కలిపేకే అమ్మకం పెరిగింది."

శారోన్ మొహం గోదారికేసి తిప్పుకుంది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఇదీ, ఇదే కావాలి అనుకుంటూ ఎలీషా టపటపా తీసేసుకున్నాడు. తీరా చూసుకుంటే ఒక్కటీ పనికిరాలేదు. ఆ ఫొటోల్లో ఉన్నది దిగులు కాదు, విసుగు. విసుగు కూడా అమ్ముడుపోదు.

బండి మీద తిరిగొస్తుంటే ఆవిడ అతని వీపుకి తలాన్చి, "ఏవండీ, గట్టు మీద కాసేపు ఆగుదామా? ఊరికే కూర్చుందాం," అంది.

"ఎండెక్కిపోయింది. ఇవన్నీ కంప్యూటర్లో ఎక్కించి చూడాలి. నువ్వుంటావుగా, ఎన్నిసార్లైనా కూర్చోవచ్చు," అన్నాడు ఎలీషా.

*

ఆదివారం మధ్యాహ్నం పెరట్లో టెంటు వేసేరు. కుర్చీలొచ్చేయి, ముందు వరసలో బరకాలు పరిచేరు, డోలక్కొచ్చింది. పేటలో సగం మంది వచ్చేరు. కోడి పలావు వాసన వస్తోంటే రాని వాళ్ళెవరుంటారండి? దానియేలు అయ్యగారు తెల్ల లాల్చీలో, చేతిలో పెద్ద బైబిలుతో కూర్చున్నారు. సంఘపెద్ద దేవసహాయం గారు ఆయన పక్కన. కాంతమ్మ కొత్త చీర కట్టుకుని, వచ్చిన ప్రతివాళ్ళకీ ఎదురెళ్ళి, "మా కోడలు ఇంక వెళ్ళదండీ, ఉండిపోతుందండీ. మావాడి ఫొటోలు దేశదేశాలూ కొంటున్నారండీ," అని చెప్తోంది. అందరూ ఎలీషా చెయ్యి పట్టుకుని ఊపుతున్నారు. అతని కాళ్ళు నేల మీద లేవు. శారోన్ వంటవాళ్ళ దగ్గరికీ పెరట్లోకీ తిరుగుతోంటే, ఇంక రోజూ ఇలాగే తిరుగుతుంది కదా, రోజూ ఇలాగే చూస్తాను కదా అనుకుంటే అతనికి కళ్ళు చెమర్చేయి.

పాటలు పాడేరు. అయ్యగారు వాక్యం చెప్పేరు. ఆ తరవాత, ఆనవాయితీ ప్రకారం, మేలు పొందిన మనిషి లేచి సాక్ష్యం చెప్పాలి. చెప్పి, ఇంకేదైనా ప్రార్థన అంశం ఉంటే అడగాలి. అలా నలుగురిలో లేచి అడిగిన అంశాన్ని ఎవరూ కాదనరు, మధ్యలో ఎవరూ మాట్లాడరు. ఆ అంశం కోసం అయ్యగారు ప్రార్థన చేస్తారు, అందరూ ఆమేన్ అంటారు. ఆ సంఘంలో అది రాసిపెట్టని కట్టు.

"రా అమ్మా శారోన్," అన్నారు అయ్యగారు. "దేవుడు నీ పట్ల చేసిన మేలు చెప్పు తల్లీ."

శారోన్ కొంగు తలమీదికి లాక్కుని లేచి నిలబడింది. "నేను మొదటిసారి వెళ్ళినప్పుడు భాష రాదండి, దారి తెలీదు, ఎవరూ తెలీదు. దేవుడు నన్ను కాపాడేడు. జబ్బు చేస్తే నయం చేసేడు. సెలవుకి క్షేమంగా తీసుకొచ్చేడు. మా ఆయన కష్టపడి చేసిన పనిని ఆశీర్వదించేడు. అన్నిటికీ స్తోత్రాలండి."

"స్తోత్రం," అన్నారు అందరూ.

"ప్రార్థన అంశం ఏమన్నా ఉందామ్మా?"

శారోన్ ఒక్కసారి ఎలీషాకేసి చూసింది. తరవాత అయ్యగారికేసి తిరిగింది. "ఉందండి. బుధవారం నా ప్రయాణమండి. కువైట్ వెళ్తున్నాను. క్షేమంగా చేరాలని ప్రార్థన చెయ్యండి."

డోలక్ వాయించేవాడి చెయ్యి డోలక్ మీదే ఆగిపోయింది. దేవసహాయం గారు దగ్గేరు. కాంతమ్మ నోరు తెరిచి, పక్కావిడ మోచెయ్యి పట్టుకుంది. అయ్యగారు కళ్ళజోడు తీసి ఎలీషాకేసి చూసేరు. అందరూ ఎలీషాకేసే చూసేరు. అతను, పొరపాటున అందేమో, అలవాటు కొద్దీ అందేమో, ఇప్పుడే దిద్దుకుంటుందేమోనని ఆవిణ్ణే చూసేడు. ఆవిడ దిద్దుకోలేదు. తల వంచి, కళ్ళు మూసుకుని నిలబడింది, ప్రార్థన కోసం.

ఆ ఇంట్లో శారోన్ మాటకి అడ్డం రాకుండా అందరూ వినే చోటు అదొక్కటేనండి. అందుకే అక్కడ చెప్పింది. పాపం, అంతకు ముందు వేరే చోట్ల చెప్పబోలేదా?

అయ్యగారు మంచివాళ్ళు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, చెయ్యి చాపి, "ప్రేమగల తండ్రీ, నీ బిడ్డ శారోన్ ప్రయాణాన్ని నీ చేతుల్లో పెడుతున్నాం," అని మొదలెట్టేరు. విమానం కోసం ప్రార్థించేరు, దారి కోసం ప్రార్థించేరు, అక్కడి యజమానుల మనసుల కోసం ప్రార్థించేరు. అయిపోయేక అందరూ ఆమేన్ అన్నారు. ఎలీషా పెదాలు కూడా కదిలేయి. అనకపోతే ఎలా? కాంతమ్మ మాత్రం అనలేదు.

*

పలావు తిన్నారు, తాంబూలాలు లేకపోయినా కిళ్ళీలు కట్టించుకెళ్ళేరు, గుమ్మం దాటేదాకా ఎవరూ ఏమీ అనలేదు. గుమ్మం దాటేక ఏమన్నారో మనకనవసరం. కాంతమ్మ గదిలోకెళ్ళి గోడవేపు తిరిగి పడుకుంది. టెంటు వాళ్ళు కుర్చీలు ఎత్తుకుపోయేరు. ఇంకా పొద్దు పూర్తిగా కుంకలేదు. బోరింగు దగ్గర శారోన్ పలావు గుండిగని పడుకోబెట్టి, లోపలికంటా చెయ్యి పెట్టి, కొబ్బరిపీచుతో అడుగంటింది తోముతోంది.

ఎలీషా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "నలుగురిలో నా పరువు తీసేవు," అన్నాడు. ముందు కోపమే వచ్చిందండి, దాచడమెందుకు.

"మూడ్రోజుల్నించీ చెప్దామనే చూస్తున్నానండి. మీరు విన్లేదు."

"ఇన్నేళ్ళు నేను పడ్డ పాటంతా ఎందుకనుకున్నావు? ఆ గీత దాటాలని ఎంత… డబ్బు చాలదనుకుంటున్నావా? ఇంకా తీస్తాను, ఇంకా పెడతాను."

"డబ్బు కాదండి."

"మరేముందే అక్కడ? వాళ్ళ అంట్లు తోమడమేగా!"

"ఆయ్, అంట్లేనండి. ఇక్కడా అంట్లే." గుండిగలోంచి చెయ్యి తీసి చూపించింది. కోపంతో కాదు, ఉన్న మాట చెప్పినట్టు. "కానీ అక్కడ శుక్రవారం మధ్యాహ్నం నాదండి. పనయ్యేక స్నానం చేసి బస్సెక్కుతాను. సముద్రం ఒడ్డున దిగుతాను. ఒక్కోసారి ఐస్‌క్రీం కొనుక్కుంటాను. ఒక్కోసారి ఏమీ చెయ్యను, ఊరికే కూర్చుంటాను. ఎక్కడికెళ్ళేవు, ఎందుకు ఆలస్యమైంది, ఏం కొన్నావు అని అడిగేవాళ్ళుండరు. ఆ ఒక్క పూట కోసం వారమంతా చేస్తాను. ఇక్కడ నాకలాంటి పూట లేదండి. కాపురానికొచ్చినప్పట్నించీ లేదు."

ఎలీషా బోరింగు గట్టు మీద కూలబడ్డాడు. "అంటే నేను నీకు గుర్తేరాను."

"మీరు తప్ప ఇంకేం గుర్తురాదండి నాకక్కడ." ఆవిడ అతని వేపు తిరిగింది. "ఆ సముద్రం దగ్గర కూర్చున్నంతసేపూ పక్కన మీరుంటే బావుణ్ణు అనుకుంటాను. మీమీద బెంగతో అన్నం సయించదు. ఎప్పుడెప్పుడొస్తానా అని రోజులు లెక్కెట్టుకుని వచ్చేను. వచ్చి చూస్తే మీరు ఆ ఫొటోలో నన్ను చూసుకుంటూ కూర్చుంటున్నారు. నేను ఎదురుగా ఉంటే, ఆవిళ్ళా లేనని నన్ను సరిచేస్తున్నారు. మీరు బెంగపెట్టుకున్నది ఆవిడ మీదండి. నామీద కాదు."

"ఆవిడే నువ్వు! నన్ను వదిలి వెళ్ళాలని ఏడుస్తూ నిలబడ్డ నువ్వు! ఆ రోజు నేను చూసేనే."

శారోన్ కొబ్బరిపీచు కింద పెట్టింది. "నేను ఏడవట్లేదండి ఆ రోజు."

"మరి?"

"వీసా వచ్చేసింది కదా. అత్తయ్యగారు ఇంకా మనసు మార్చుకుంటారేమో, మీరు వద్దంటారేమోనని నాకు ఒకటే భయం. ఆ పంటు పోతోంటే, దేవుడా, నన్ను కూడా ఎక్కించెయ్యి, ఎవరూ ఆపకుండా చూడు అని మనసులో మొక్కుకుంటున్నాను. ఎప్పుడు వెళ్తానా, ఎప్పుడు వెళ్తానా అని. అదండీ నా మొహంలో ఉన్నది. మీ మీద ప్రేమ లేక కాదు. వెళ్ళాలనుంది, అంతే."

ఎలీషా ఫోన్ తీసి ఆ ఫొటో మళ్ళీ చూసేడు. ఎన్ని దేశాల వాళ్ళు కొన్నారా ఫొటోని! ఒకడు ఆ ఖాళీలో జీవితబీమా అని రాసుకున్నాడు, ఒకడు మనోవ్యాధుల డాక్టరు పేరు రాసుకున్నాడు, ఒకడు టీపొడి పేరు రాసుకున్నాడు. వాళ్ళకి తెలీదంటే సరే, ముక్కూ మొహం తెలీని వాళ్ళు. తనకేమైంది? రోజూ తెర మీద చూసేడు, పెద్దది చేసి చూసేడు, కంటి కింద నీడ కూడా లెక్కపెట్టేడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ రోజు ఏమనుకున్నావే అని అడిగేడా? సిగ్గుతో అతని మెడ వంగిపోయింది.

"తీసేస్తాను దాన్ని," అన్నాడు చివరికి.

"ఎందుకండీ? అన్నం పెడుతోంది, ఉండనివ్వండి. కొనుక్కునేవాళ్ళకేం తెలుసు." శారోన్ మళ్ళీ పీచు అందుకుంది.

వెళ్ళొద్దు. ఆ ఒక్క మాట అతని గొంతు దాకా వచ్చింది. ఆ మాట అంటే ఆవిడ ఆగిపోతుంది. నలుగురిలో ప్రార్థన అడిగిన మనిషే అయినా, టిక్కెట్టు చేతిలో ఉన్నా, అతను వద్దంటే ఆగిపోతుంది. ఆ సంగతి అతనికి తెలుసు, ఆవిడకీ తెలుసు. అందుకే ఆవిడ తల ఎత్తకుండా, తోమిన చోటే తోముతోంది. ఎంత కావాలనిపించిందో ఆ మనిషి అతనికి! రేపూ ఎల్లుండీ ఆ తరవాతా ఇదే పెరట్లో, ఇదే బోరింగు దగ్గర, అలా కొంగు దోపుకుని ఉంటే చాలు, ఇంకేం అక్కర్లేదనిపించింది. మూడేళ్ళు దాని కోసమేగా బతికేడు.

"ఇంక నీ జీతం ఇంటికి పంపకు," అన్నాడు.

శారోన్ చెయ్యి ఆగింది.

"ఇల్లు ఈ ఫొటోలతో గడిచిపోద్ది. లెక్క చూసేనుగా. నీది నీ దగ్గరే ఉంచుకో. నీకేం కావాలో అది చేసుకో."

ఆవిడ నమ్మలేనట్టు చూసింది. "ఇంటికి పంపక్కర్లేనప్పుడు మరెందుకు వెళ్తోందని అత్తయ్యగారు అడుగుతారండి. పేటంతా అడుగుద్ది. ఏం చెప్తారు?"

ఎలీషా కళ్ళల్లోంచి నీళ్ళు జారి మోకాళ్ళ మీద పడుతున్నాయి, తుడుచుకోలేదు.

"వెళ్తానంది, అందుకు వెళ్తోంది అని చెప్తాను," అన్నాడు.

మొదటిసారి విమానమెక్కినప్పుడు గానీ, జబ్బు చేసి అక్కడ ఒక్కతీ పడున్నప్పుడు గానీ, ఇందాక అంతమందిలో నిలబడ్డప్పుడు గానీ కన్నీటి చుక్క రాల్చని మనిషి, ఆ తడినేల మీదే చతికిలబడి, మసిచేతుల్లో మొహం దాచుకుని బావురుమంది. ఎలీషా లేచి వెళ్ళి ఆవిడ పక్కనే, ఆ బురదలోనే కూర్చున్నాడు.